ప్యారిస్, రోమ్ చాలు

బిడ్డా,

పిల్లలతోని యూరప్ పోనీకి నువ్వు పంపిన ప్లాను చూసిన. పన్నెండు దినాలల్ల ఐదు ఊర్లు రాసినవు. మూడు కొట్టెయ్. ఊరు మారినప్పుడల్లా పెట్టెలు సదురుడు, స్టేషనుకు ఉరుకుడు, కొత్త హోటల్ల మధ్యాహ్నం రెండు మూడింటి దాక గది ఇయ్యకపోవుడు, గిట్ల సగం దినం పోతది. ప్యారిస్ ఆరు రాత్రులు, రోమ్ ఐదు రాత్రులు పెట్టుకో. ప్యారిస్‌ల దిగి రోమ్‌ల విమానం ఎక్కేటట్టు మల్టీ సిటీ టికెట్టు తీసుకుంటే మళ్ల వెనుకకు తిరిగొచ్చే ఖర్చు తప్పుతది.

ఆరు, ఐదు అని ఊకె చెప్పలేదు. షెంగెన్ వీసాకు, అంటే యూరప్‌ల చాన దేశాలకు కలిపి ఇచ్చే ఒక్క వీసాకు, ఏ దేశంల ఎక్కువ దినాలుంటే ఆ దేశానికే అప్లై చెయ్యాలె. నీ లెక్కల ఏ దేశమో తేలకుండ ఉన్నది, ఇప్పుడైతే ఫ్రాన్సే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటరు, 15 దినాల కంటే తక్కువుంటే తీసుకోరు. పెద్దది ఇంటర్ ఫస్టియర్ గనుక ఈ ఎండాకాలమే మోఖా, వచ్చే ఏడు ఎప్‌సెట్ మీద పడతది. మే నెలల పోయేదుంటే ఫిబ్రవరిలనే హైదరాబాద్‌ల స్లాట్ పట్టు. 12 నిండిన పిల్లలకు కూడ పెద్దల ఫీజే, 90 యూరోలు, సర్వీసు చార్జీలు వేరే. వేలిముద్రలకు పిల్లలు స్వయంగ రావాలె, పరీక్ష ఉన్న దినం పెట్టుకోకు.

ఎక్కువమంది దెబ్బతినేది పిల్లల పాస్‌పోర్టుల కాడ. వాళ్లయి ఐదేండ్లకే అయిపోతయి. అక్కడి నుంచి బయల్దేరిన దినం తర్వాత ఇంకా మూడు నెలలు గడువుండాలె, రెండు పేజీలు ఖాళీగ ఉండాలె. టికెట్టు మీద పేరు ఆధార్ చూసి కాదు, పాస్‌పోర్టు చూసి అక్షరం అక్షరం కొట్టు. మన ఇంటిపేర్లు ఒక కాగితంల ముందు, ఇంకో కాగితంల వెనుక, ఇంకోదాంట్ల ఉత్త పొడి అక్షరం! ఇన్సూరెన్సు 30,000 యూరోలకు తగ్గొద్దు. వీసా చేతికొచ్చేదాక రద్దు చేసుకుంటే పైసలు వాపసొచ్చే హోటళ్లే బుక్ చెయ్యి. నలుగురికి ఒక్క గది దొరుకుడు కష్టం, గదులు ఇరుకు. వంటగది ఉన్న అపార్ట్‌మెంటు చూడు, లిఫ్టు ఉందో లేదో ముందే అడుగు.

పిల్లలు రాత్రి ఒంటిగంట దాక మేల్కొని ఉంటరు గద, అది అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. ఎండాకాలంల తేడా మూడున్నర గంటలు. మొదటి రెండు దినాలు తొందరగ నిద్రొచ్చి, పొద్దుగాల లేస్తరు. గా పొద్దులను ఒదులుకోకు. రెండో దినం పొద్దున తొమ్మిదింటికి లూవ్ర్ మ్యూజియం స్లాట్ పెట్టు. మంగళవారం లూవ్ర్ బంద్, సోమవారం వెర్సాయ్ కోట బంద్, మే 1న లూవ్ర్ అసలే తెరవరు. ఆదివారం వాటికన్ మ్యూజియంలు మూసుంటయి, నెలాఖరు ఆదివారం మాత్రం ఉచితంగ తెరుస్తరు. గా దినం పోతే యాదగిరిగుట్టల కార్తీక మాసం లైనే.

లూవ్ర్, వెర్సాయ్, రోమ్‌ల పాత ఆటల మైదానం కొలోసియం 18 లోపు పిల్లలకు ఉచితం. ఉచితమే గదా అని పెద్దలకే బుక్ చేస్తే గేటు కాడ పిల్లలు ఆగిపోతరు. వాళ్లకు కూడ సున్నా యూరోల టికెట్టు అదే టైముకు తియ్యాలె, పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలె.

దినానికి టికెట్టున్న జాగ ఒక్కటే పెట్టు. మధ్యాహ్నం సంగతి వాళ్లకే ఒదిలెయ్. ఈఫిల్ టవర్ల రెండో అంతస్తుకు 674 మెట్లు. పిల్లలను మెట్లకు తోలి, మోకాళ్లు నొచ్చేటోళ్లు లిఫ్టుల పోయి పైన కలుసుకోవచ్చు. కొలోసియం టికెట్టు మీదనే పక్కనున్న పాత శిథిలాలు, ఫోరమ్, పాలటైన్ గుట్ట కూడ చూడొచ్చు గని అక్కడ నీడ తక్కువ. పొద్దుగాలే కానిచ్చెయ్యుండ్రి. రోమ్ వీధి నల్లాల నీళ్లు తాగేటివే, సీసాలు కొనొద్దు. దినానికి పది పన్నెండు కిలోమీటర్లు నడవాల్సొస్తది. కొత్త బూట్లతోని పోతే బొబ్బలే. రెండు వారాల ముందునుంచే పానగల్ చెరువు కట్ట మీద అవే బూట్లతోని తిప్పు.

మెట్రోల తలుపు కాడ ఫోన్ పట్టుకొని నిలబడొద్దు. తలుపు మూసుకునేటప్పుడే దొంగలు గుంజుకొని దిగిపోతరు. ఎవరన్న ప్లాట్‌ఫారం మీదనే మిగిలిపోతే, మిగిలినోళ్లు అక్కడే ఉండాలె, రైలెక్కినోళ్లు తర్వాతి స్టేషన్ల దిగి వెనుకకు రావాలె. ఈ కట్టుబాటు ఇంట్లనే చెప్పుకోండి.

తిండి సంగతి: సకినాలు, మురుకులు, మామిడికాయ తొక్కు కట్టుకో. చికెన్ తొక్కు, నెయ్యి, పాలకోవా ఒద్దు. మాంసం, పాల వస్తువులు బయటి దేశాల నుంచి తేనియ్యరు. మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు కూడ అంతే. రోమ్‌ల తిండి హోటళ్లు రాత్రి ఏడు, ఏడున్నరకు గని తెరవరు, పిల్లలకు సాయంత్రం ఏదన్న దగ్గరుంచు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడ పట్టది, అడాప్టర్లు రెండు కొను. కార్డు గీకినప్పుడు రూపాయలా యూరోలా అని అడిగితే యూరోలే నొక్కుమని అల్లుడికి చెప్పు. రూపాయలంటే వాళ్ల రేటు వేస్తరు.

స్లాట్ దొరికినంక కాగితాలన్నీ ఫోటో తీసి పంపు, పేర్లు నేను కూడ ఒకసారి సరిచూస్త.

మీ పెద్దమ్మ,
నల్లగొండ