సిడ్నీలో తొలి ఓటు: ఒకే పద్ధతికి ఇన్ని పేర్లా?

సందేహం: ఈమధ్యే ఆస్ట్రేలియా పౌరసత్వం వచ్చింది. ఇక్కడ ‘ప్రిఫరెన్షియల్ ఓటింగ్’ అంటున్నారు. అమెరికాలో ఉన్న తమ్ముడు ‘ర్యాంక్డ్ చాయిస్’ అంటాడు, లండన్ స్నేహితుడు ‘ఆల్టర్నేటివ్ వోట్’ అంటాడు. మూడూ ఒకటేనా? మొదటిసారి కదా, కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక సీటుకి ఒకరినే ఎన్నుకునే చోట మూడూ ఒకటేనండి. మన దగ్గర పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఊదారంగు స్కెచ్ పెన్‌తో 1, 2 అని రాసి ఉంటే మీకిది తెలిసిన పనే. మన పేపర్లు దాన్ని ‘ప్రాధాన్య ఓటు’ అంటాయి. నన్నడిగితే అన్నిట్లోకీ తేలిగ్గా అర్థమయ్యే పేరు అదే. బ్రిటన్ వాళ్ల పేరు చూడండి, దేనికి ఆల్టర్నేటివో తెలియదు! 2011 రెఫరెండంలో అక్కడి జనం ఆ పద్ధతినే వద్దన్నారు, అది వేరే సంగతి.

లెక్క ఇలా ఉంటుంది. మనకు నచ్చిన వరసలో అభ్యర్థులకు 1, 2, 3 అని అంకెలు వేస్తాం. ముందు అందరి 1లూ లెక్కపెడతారు. ఎవరికీ సగం దాటకపోతే అట్టడుగున ఉన్న అభ్యర్థిని తప్పించి, ఆయన ఓట్లను వాటి మీదున్న తర్వాతి అంకె ప్రకారం మిగతావాళ్లకు పంచుతారు. ఒకరు సగం దాటేదాకా ఇదే తంతు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి మీద వి.వి.గిరి మొదటి ప్రాధాన్యంలో ముందున్నా సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిశాకే గెలిచారు. మీరు 2 ఎవరికి వేసినా మీ 1కి నష్టం లేదు. మొదటి అభ్యర్థి బరిలో ఉన్నంతసేపూ 2 జోలికే వెళ్లరు.

మనవాళ్లు తడబడేది పేరు దగ్గర కాదు, గళ్ల దగ్గర. ఎమ్మెల్సీ ఎన్నికలో 1 వేసి ఆపేసినా ఓటు చెల్లుతుంది. ఇక్కడ ఫెడరల్ ఎన్నికలో దిగువ సభకిచ్చే ఆకుపచ్చ కాగితం మీద అన్ని గళ్లూ నింపాలి. టిక్కు పెట్టి వచ్చేస్తే ఓటు పోయినట్టే. ఎగువ సభ సెనేట్‌కు పెద్ద తెల్ల కాగితం ఇస్తారు, దాని మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది: పైన పార్టీల గళ్లు, కింద అభ్యర్థుల గళ్లు. గీత పైన కనీసం 6 గళ్లు, లేదా గీత కింద కనీసం 12 నింపమంటారు. అక్కడ ఒకేసారి చాలామందిని ఎన్నుకుంటారు కాబట్టి లెక్క కూడా వేరు. అదే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఎన్నికైతే దిగువ సభకు 1 ఒక్కటి వేసినా చాలు. అందుకే పక్కింటివాళ్ల మాట కంటే కాగితం మీదున్న సూచనే చదవండి.

బూత్ బయట పార్టీలవాళ్లు ఏ గడిలో ఏ అంకె వేయాలో చూపే కార్డులు చేతిలో పెడతారు. తీసుకోండి, అలాగే వేయాలని మాత్రం లేదు. అంకె తప్పు పడితే మొహమాటపడకుండా కొత్త కాగితం అడగండి, ఇస్తారు. సరైన కారణం లేకుండా ఫెడరల్ ఓటు ఎగ్గొడితే 20 డాలర్ల జరిమానా నోటీసు ఇంటికొస్తుంది.