నలభయ్యేళ్ళ తర్వాత క్లాసుమేట్లని కలపబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ ఇంజనీరింగు కాలేజీ 1986 బ్యాచి నలభయ్యేళ్ళ కలయిక కాకినాడలో పెడుతున్నారనీ, ఆ భారం నీ నెత్తిన పెట్టారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందరి వివరాలతో పుస్తకం కూడా వేస్తారట. అదే కాలేజీలో మా 1971 బ్యాచికి ఈ చాకిరీ ఏళ్ళ తరబడి చేసినవాణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను. పనికొచ్చేవి తీసుకో, మిగతావి వదిలెయ్.

అసలు మీ బ్యాచి అంటే ఎవరో ముందు తేల్చుకో. పాసైన ఏడు లెక్కేస్తే కొందరు జారిపోతారు. మీతో కలిసి చేరి, సబ్జెక్టులు ఉండిపోయి ఆలస్యంగా గట్టెక్కినవాడున్నాడు. తండ్రి పోతే చదువు మధ్యలో ఆపేసి కొబ్బరితోట చూసుకోవడానికి వెళ్ళిపోయినవాడున్నాడు. వీళ్ళని అటు సీనియర్లూ పిలవరు, ఇటు జూనియర్లూ పిలవరు. చేరిన ఏడే లెక్క పెట్టుకో. పాత జాబితా కాలేజీ ఆఫీసులో దొరికితే సరే సరి. దొరక్కపోతే ప్రతి బ్రాంచి నుంచీ ఇద్దరిని కూర్చోబెట్టి రోల్ నంబర్ల వరసలో పేర్లు చెప్పమను. ఆ వరస ఎవరూ మర్చిపోరు. పొద్దున బీపీ మాత్ర వేసుకున్నానో లేదో నాకు గుర్తుండదు గానీ, అటెండెన్సులో నా ముందు ఎవడు, వెనక ఎవడు అంటే నిద్రలో లేపినా చెబుతాను.

మీ క్లాసులో ఆడపిల్లలు గుప్పెడు మందే కదా. వాళ్ళని పాత ఇంటిపేర్లతో వెతికితే దొరకరు. పెళ్ళితో ఇంటిపేరు మారింది, అమెరికా వెళ్ళినవాళ్ళకి మొగుడి పేరు చివర చేరింది. ఒకావిడ దొరికితే మిగతా వాళ్ళందర్నీ ఆవిడే పట్టుకొస్తుంది. ఆవిణ్ణి కమిటీలో పెట్టుకో. పూలూ కుంకుమా చూసుకోవడానికి కాదు, పుస్తకం పనికి.

కమిటీ సంగతి వచ్చింది కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. మన గోదావరి జిల్లాల కాలేజీల్లో ఎవరు ఎవరితో తిరిగేవారో, ఎందుకు తిరిగేవారో నీకూ తెలుసు. నలుగురు మెంబర్లూ ఒకే కులం వాళ్ళయ్యారంటే, మీ మనసులో ఏమీ లేకపోయినా, మిగతావాళ్ళు "వాళ్ళ ఫంక్షన్లే" అని ఇంట్లో కూర్చుంటారు. హాస్టల్ వాళ్ళూ, ఊళ్ళోంచి సైకిలు మీద వచ్చినవాళ్ళూ ఇద్దరూ ఉండాలి. దీన్ని మీటింగులో చర్చకి పెట్టకు. పేర్లు రాసుకునేటప్పుడే నువ్వు చూసుకో.

తేదీ డిసెంబరు 20 దాటాక పెట్టు. అమెరికా వాళ్ళు వచ్చేది అప్పుడే. పైగా ధనుర్మాసంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉంటాయి, బేరం కూడా కుదురుతుంది. సంక్రాంతికి మాత్రం పెట్టకు. అల్లుళ్ళూ కూతుళ్ళూ ఇంటికొచ్చే వేళ ఎవరూ కదలరు. నవంబరు జోలికి అసలు పోకు. 1996లో మా పాతికేళ్ళ కలయిక ఏర్పాట్లలో ఉండగానే నవంబరు 6న తుపాను వచ్చి కోనసీమని ఊడ్చేసింది. తర్వాత తేదీ జరిపినా కరెంటు బోర్డు వాళ్ళూ, ఇరిగేషన్ వాళ్ళూ ఒక్కరూ రాలేకపోయారు. స్తంభాలు నిలబెట్టే పనిలో, గండ్లు పూడ్చే పనిలో ఉన్నారు మరి. రైలు రిజర్వేషను ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తున్నారు, మునుపటిలా నాలుగు నెలల ముందు కాదు. ఆ రోజు పొద్దున్నే అందరికీ మెసేజి పెట్టు, లేకపోతే గౌతమిలో బెర్తులు మిగలవు. విమానం వాళ్ళని రాజమండ్రి దగ్గర మధురపూడిలో దిగమని చెప్పి నాలుగు కార్లు మాట్లాడు.

ఇక పుస్తకం. నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది దీని గురించే.

పేరు, హోదా, జీతం, పిల్లలు ఎక్కడ సెటిలయ్యారు అని ఫారం తయారు చేసి పంపావంటే సగం మంది నింపరు. నింపినవాళ్ళవి చదివితే పెళ్ళి సంబంధాల బయోడేటాల్లా ఉంటాయి. మీవాళ్ళ వయసు ఆలోచించు. కేంద్ర సంస్థల్లో చేరినవాళ్ళు అరవైకే దిగిపోయారు. తెలంగాణ కొలువులో 61, ఆంధ్రాలో 62. అంటే మీలో కొందరికి కుర్చీ పోయి రెండేళ్ళయింది, కొందరికి ఈ ఏడే పోతుంది. కుర్చీ దిగిన మొదటి ఏడాది మనిషిని "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడిగితే ఎలా ఉంటుందో నీకూ త్వరలో తెలుస్తుంది. పైగా మీరు బయటికొచ్చిన కాలం ఎలాంటిదో చూడు. విశాఖ ఉక్కులో చేరినవాడు ఒకలా బతికాడు. తొంభైల్లో కంప్యూటరు కోర్సు చేసి వైటూకే పని మీద, అంటే 2000 వచ్చేసరికి కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని మీద, విమానం ఎక్కిన సివిల్ ఇంజనీరు ఇంకోలా బతికాడు. కరెంటు బోర్డులో చేరినవాడు 1999లో అది ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకి ట్రాన్స్‌కోగా విడిపోవడం చూశాడు. 2014 తర్వాత నువ్వు ఆంధ్రానా తెలంగాణానా అంటూ కోర్టుల దాకా వెళ్ళిన పంపకాలూ చూశాడు. వీళ్ళని ఒకే కొలతతో కొలిచేదేముంది?

నేను చేసింది ఇదీ. ఫారాలు పక్కన పెట్టి ఒక్కొక్కరికీ ఫోను చేశాను. మూడే అడిగాను. మొదటి ఉద్యోగానికి ఏ ఊరు వెళ్ళావు, ఎవరింట్లో అద్దెకి దిగావు? నీ చేతి మీదుగా జరిగిన పనుల్లో ఇప్పటికీ నిలబడి ఉన్నది ఏది? పొద్దున లేచాక రోజు ఎలా గడుస్తోంది? వాళ్ళు చెప్పింది నేనే రాసి, చదివి వినిపించి, సరేనన్నాకే అచ్చుకిచ్చాను. మాలో చీఫ్ ఇంజనీరుగా దిగినాయన తనే రాసి పంపుతానని పట్టుబట్టి, బదిలీ అయిన ఊళ్ళన్నీ తేదీలతో సహా పంపాడు. ఆ పేజీ ఎవరూ చదవలేదు. డివిజనల్ ఇంజనీరు దాటి పైకి పోనివాడొకడు, 1977 దివిసీమ ఉప్పెన తర్వాత లైన్లు వెయ్యడానికి వెళ్ళి బడి వరండాలో పడుకున్న సంగతి చెప్పాడు. తాగడానికి కొబ్బరిబొండాలు తప్ప ఏమీ లేవట. మొదటి బల్బు వెలిగిన రాత్రి ఊరివాళ్ళు దాని కింద కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారట, లైటు తియ్యనివ్వలేదట. వాడు నలభయ్యేళ్ళలో ఈ ముక్క మాకెవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు మరి.

ఇంటి సంగతులు వాళ్ళంతట వాళ్ళు చెబితే రాసుకో, తవ్వకు. ఈ వయసుకి ప్రతి బ్యాచిలోనూ విడిపోయిన జంటలుంటారు, పెళ్ళి చేసుకోనన్న పిల్లలుంటారు, చేతికందిన కొడుకుని పోగొట్టుకున్నవాళ్ళుంటారు. అమెరికాలో ఉన్నవాళ్ళంతా సుఖంగా ఉన్నారనీ అనుకోకు. కూతురి పురిటికి వెళ్ళి, మంచు కురుస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని మన ఊళ్ళో టైమెంతయిందా అని లెక్కేసుకునే వాళ్ళు నాకు చాలామంది తెలుసు. స్టేజి మీద పరిచయాలప్పుడు కూడా పిల్లల ప్రస్తావన తప్పనిసరి చెయ్యకు. మైకు చేతికిచ్చి రెండు నిమిషాలు, హాస్టల్ రోజుల నుంచి ఒక సంగతి చెప్పమను, చాలు. చెప్పేవాడికీ హాయి, వినేవాడికీ హాయి. మైకు వదలనివాడు ఒకడు ఎలాగూ ఉంటాడు. వాడికి భోజనాల ముందు నంబరు ఇయ్యి.

పోయినవాళ్ళ గురించి. మీకూ జాబితా ఉంటుంది, 2021లో కరోనాకే ఎంతమంది పోయారో. వాళ్ళ ఫొటోలు తెర మీద వేసి రెండు నిమిషాలు లేచి నిలబడితే సరిపోతుందనుకోకు. ముందు ఇంటివాళ్ళకి ఫోను చేసి అడుగు. ఫొటో వెయ్యచ్చా, ఏ ఫొటో వెయ్యమంటారు, రాగలరా అని. బలవంతం వద్దు. మా ఏభయ్యేళ్ళప్పుడు ఒకావిడ వచ్చింది. సంచిలోంచి తోలు ఒరలో ఉన్న స్లైడ్ రూల్ తీసి బల్ల మీద పెట్టింది. ఒర మీద మావాడి రోల్ నంబరు మేకుతో గీకి ఉంది. "ఇది పెళ్ళయినప్పట్నుంచీ బీరువాలో ఉంది, ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇదేమిటో చెబుతారా?" అని అడిగింది. కాలిక్యులేటర్లు లేని రోజుల్లో మా లెక్కలన్నీ దాంతోనేనమ్మా అని ఆవిడకి గుణకారం చేసి చూపిద్దామని నలుగురం కూర్చున్నాం. ఒకడు కర్సర్ ఇటు జరపమంటాడు, ఇంకొకడు అటంటాడు. చివరికి రెండు మూళ్ళు ఆరు వచ్చేసరికి ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు మాలో ఒకడితో ఆ గుణకారం ఒక కాయితం మీద బొమ్మ వేయించుకుని పట్టుకెళ్ళింది, మనవడికి చూపిస్తానని.

డబ్బు దగ్గర జాగ్రత్త. నీ సొంత ఖాతాలోకి పైసా రానివ్వకు. ముగ్గురి పేర్న బ్యాంకులో వేరే ఖాతా తెరువు. పై దేశాల నుంచి డాలర్లు నేరుగా పంపించుకోకు, అక్కడివాళ్ళలో చాలామందికి ఇక్కడ ఎన్‌ఆర్‌ఓ ఖాతా, అంటే ప్రవాసుల రూపాయి ఖాతా, ఉంటుంది, దాన్నుంచి వెయ్యమను. చందా అందరికీ ఒక్కటే, అదీ పెన్షన్ లేని ప్రైవేటు ఉద్యోగి కూడా నొచ్చుకోకుండా ఇచ్చేటంత. "ఖర్చంతా నాదే" అని ఒక దొరబాబు ముందుకొస్తాడు. దణ్ణం పెట్టి వద్దను. ఆ రోజంతా మిగతావాళ్ళు అతని ఇంటికి భోజనానికొచ్చిన చుట్టాల్లా తిరగాల్సొస్తుంది. అంత ఇవ్వాలని ఉంటే ఆలస్యంగా ఫీజులు కట్టే పిల్లల పేర్న కాలేజీకి ఇమ్మను, అదీ చప్పుడు లేకుండా.

వాట్సాప్ గ్రూపు ఒకటి విడిగా పెట్టి, అడ్మిన్లు మాత్రమే రాసేలా చెయ్యి. పాత గ్రూపులో మొదలెడితే గుడ్మార్నింగ్ పూలూ, రాజకీయాలూ మీద పడి నీ రైలు సమయాలు ఎవరికీ కనపడవు.

మాస్టార్లలో ఎవరున్నారో కనుక్కో. ఎనభై దాటినవాళ్ళని హాలుకి లాగి, ఏసీలో గంటన్నర కూర్చోబెట్టి శాలువా కప్పే సరదా మానెయ్. ముందురోజు సాయంత్రం ఐదుగురు కలిసి ఇంటికే వెళ్ళండి. పండ్లు పట్టుకెళ్ళండి, కాజాలు కాదు, చక్కెర వ్యాధి ఉంటుంది. మీ పేర్లు వాళ్ళకి గుర్తుండవు. సర్, నేనెవరో చెప్పుకోండి అని పరీక్ష పెట్టకుండా, గుమ్మంలోనే పేరూ బ్రాంచీ ఏడూ చెప్పేయండి.

కాలేజీ పర్మిషనుకి ఉత్తరం రాసేటప్పుడు పాత అలవాటుతో చిరునామా రాయకు. నా పట్టా మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం, నీ పట్టా మీద జేఎన్‌టీయూ. 2008 నుంచి కాకినాడదే విడి విశ్వవిద్యాలయం. ప్రిన్సిపాల్ పేరనే రాసి, ఆ వారం సెమిస్టరు పరీక్షలున్నాయేమో ముందు కనుక్కో. పాత క్లాసురూము ఒక్కటి తెరిపించమని అడుగు, చాలు.

ఇంట్లో ఆడవాళ్ళనీ పిల్లల్నీ తీసుకురమ్మనాలా అని కదూ మీ అమ్మ ద్వారా అడిగించావు. మొదటి రోజు మీరు మాత్రమే. రెండో రోజు అందరూ. లేకపోతే వాళ్ళకి తెలియని మాస్టార్ల మీద జోకులు వింటూ పాపం ఆ ఇల్లాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు.

ఈ వారం చెయ్యాల్సింది రోల్ నంబర్ల జాబితా. ఖాళీలు మిగిలితే నాకు పంపు. మీ సీనియర్లలో బోర్డులో నా కింద పనిచేసినవాళ్ళు కొందరున్నారు, ఆరా తీస్తాను. ఫోను మాత్రం మధ్యాహ్నం నాలుగు దాటాక చెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య