ఎంబీబీఎస్ లేకుండా వైరస్ ఇమ్యూనిటీ మీద రీసెర్చ్ చేయొచ్చా?

చెల్లీ, హన్మకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నానని, మెడిసిన్ సీటు రానివాళ్లు వైరస్‌లను శరీరం ఎలా ఎదుర్కొంటుందో పరిశోధించే సైంటిస్ట్ కాగలరా అని అడిగావు కదా. నిశ్చింతగా కావచ్చు. వైరస్ సోకిన కణాన్ని టీ కణాలు (రక్తంలోని ఒక రకం రక్షణ కణాలు) ఎలా గుర్తుపడతాయో తేల్చి 1996లో నోబెల్ పంచుకున్న పీటర్ డోహర్టీ చదివింది పశువైద్యం, మన మామునూరు కాలేజీలో చెప్పే చదువే.

నేనూ హన్మకొండలోనే ఎమ్మెస్సీ చేసి డెంగ్యూ మీద పీహెచ్‌డీకి వెళ్లాను. "ఒకసారి వచ్చిందిగా, ఇంక రాదులే" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. కానీ డెంగ్యూలో నాలుగు రకాలున్నాయి, ఒక రకం వచ్చి తగ్గాక ఇంకో రకం సోకితే, పాత యాంటీబాడీలు దాన్ని ఆపకపోగా కణాల్లోకి దూరడానికి సాయం చేయొచ్చు, అందుకే రెండోసారి జ్వరం ప్రమాదకరంగా మారే అవకాశం ఎక్కువ. ఈ తిరకాసే నన్ను పట్టుకుంది.

రోజువారీ పని మాత్రం అంత గొప్పగా ఏమీ ఉండదు. ఆస్పత్రి నుంచి రక్తం ట్యూబులు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, రేపు చూద్దామంటే కణాలు పాడవుతాయి. రక్తాన్ని పలచన చేసి, కణాలను పొరలుగా విడదీసే ఫైకాల్ ద్రవం మీద రెండూ కలవకుండా ట్యూబు గోడ వెంట మెల్లగా జార్చి, సెంట్రిఫ్యూజ్ అనే మిషన్‌లో వేగంగా తిప్పి, బ్రేక్ వేయకుండా దానంతట అదే ఆగనిస్తే మధ్యలో మీగడలా పలచటి తెల్లటి పొర తేలుతుంది. మనకు కావాల్సిన రక్షణ కణాలు ఉండేది అందులోనే. దాన్ని పిపెట్‌తో తీసి, కడిగి, లెక్కపెట్టి, ఫ్రీజ్ చేసేసరికి హాస్టల్ మెస్ కట్టేసి ఉంటుంది.

డబ్బు సంగతి: లైఫ్ సైన్సెస్ నెట్ (జాతీయ అర్హత పరీక్ష)లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) కొడితే 2023 నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. నాకైతే నెలల తరబడి ఆగి ఒకేసారి పడేది, అద్దె టెన్షన్ తప్పేది కాదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. ఈలోపు చుట్టాల పెళ్లి ప్రశ్నలు ఎటూ ఉంటాయి. ప్రొఫెసర్ పోస్టులు తక్కువే కానీ, హైదరాబాద్‌లో వ్యాక్సిన్ కంపెనీలు ఉండటం మనకు కలిసొచ్చే విషయం.

డిగ్రీ కన్నా ల్యాబ్ ఎంపికే ముఖ్యమని నా అభిప్రాయం. ఆస్పత్రితో సంబంధాల్లేని ల్యాబ్‌లో చేరితే శాంపిళ్ల కోసం ఎదురుచూస్తూనే ఏళ్లు గడిచిపోతాయి. చేరేముందు గైడ్‌ను కాదు, అక్కడ సీనియర్ స్కాలర్‌ను పట్టుకుని అడుగు: శాంపిళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, రోగుల శాంపిళ్లు వాడటానికి కావాల్సిన ఎథిక్స్ అనుమతి ఇప్పటికే ఉందా, ముందు చేరినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు అని.