మరుగున పడిన యుద్ధానంతర చిత్రాలు: చూడటం, సేకరించడం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన, ఎక్కువమందికి తెలియని గంభీర కథాచిత్రాలను సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. దర్శకుల జాబితా కంటే ముందు, ఆ చిత్రం ఏ ఊళ్లో, ఎవరి అనుమతితో తయారైందో తెలుసుకోవడంతో మొదలుపెట్టమని నా సలహా.

ఈ సంగతి నాకు తెలిసివచ్చింది వోల్ఫ్‌గాంగ్ స్టౌటే 1946లో బెర్లిన్ శిథిలాల మధ్య తీసిన చిత్రం వల్ల. ‘హంతకులు మన మధ్యే ఉన్నారు’ అని అర్థమిచ్చే పేరు గల ఆ చిత్రం యుద్ధానంతర జర్మనీలో తయారైన తొలి కథాచిత్రం. యుద్ధంలో అమాయకులను కాల్పించిన సైనికాధికారిని చంపబోయిన డాక్టరును చివరి క్షణంలో ప్రియురాలు ఆపుతుంది. ఆ ముగింపు నాకు చప్పగా అనిపించింది. దర్శకుడు మొదట రాసుకున్న కథలో డాక్టరు అతన్ని చంపేస్తాడని, అప్పట్లో జర్మనీని ఆక్రమించి ఉన్న దేశాల్లో పాశ్చాత్య అధికారులు నిరాకరించాక అనుమతిచ్చిన సోవియట్ అధికారులు, జనం ఎవరికి వారే శిక్షలు వేయడాన్ని ప్రోత్సహించినట్లవుతుందని ముగింపు మార్పించారని తర్వాత చదివాను. రెండోసారి చూసినప్పుడు చప్పదనం పోలేదు గానీ, అది ఎవరి చప్పదనమో తెలిసింది.

జపాన్ చిత్రాలదీ ఇదే తీరు. 1952లో అమెరికా నేతృత్వంలోని ఆక్రమణ ముగిసేదాకా అణుబాంబు విషయంపై సెన్సారు ఆంక్షలుండేవి. హిరోషిమాలో పుట్టిన కనెతో షిందో ఆ నగరం గురించి తీసిన చిత్రం ఆ ఏడాదే వచ్చింది.

ఇక సేకరణ. నాకు దొరికినవాటిలో చాలావరకు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల పక్కన పోసిన డిస్కుల్లో దొరికాయి. డీవీడీ అయితే రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే అంకె) చూడండి: మన దేశానిది 5, జపాన్, ఐరోపాలది 2. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చుకోవచ్చు గానీ, సాధారణంగా 5 సార్లే. సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో చూడకుండా కొనకండి. నా అల్మారాలో మాట అర్థంకాని డిస్కులు కొన్ని ఉన్నాయి.

నిడివి కూడా సరిచూసుకోండి, కానీ తొందరపడకండి. సెకనుకు 24 ఫ్రేములతో తీసిన చిత్రాన్ని పాల్ (ఐరోపా, మన దేశాల టీవీ ప్రమాణం) డీవీడీలో సాధారణంగా 25 ఫ్రేములతో నడిపిస్తారు కాబట్టి, 100 నిమిషాల చిత్రం ఏమీ కోయకుండానే 96 నిమిషాలకు ముగుస్తుంది. ఈ లెక్క తెలియని రోజుల్లో, నాలుగు నిమిషాలు కోసేశారనుకుని ఒక మంచి డిస్కును అమ్మినవారికే సగం ధరకు తిరిగి ఇచ్చేశాను. తప్పు తెలుసుకుని మరుసటి ఆదివారం వెళ్లేసరికి అది అమ్ముడైపోయింది.