ఖాట్మండూ వెళ్తున్న మేనకోడలికి

అమ్మాయీ,

మీరిద్దరూ నాలుగు రోజులకి ఖాట్మండూ టికెట్లు తీసుకున్నారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. విమానంలో వెళ్తున్నారు కాబట్టి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. ఆధార్ ఉంది కదా అని ధీమాగా బయల్దేరకండి. మన 100 రూపాయలు అక్కడ 160. కొట్లో ధర చెప్పగానే "ఐసీనా, ఎన్‌సీనా" అని అడుగు. మన డబ్బా, వాళ్ల డబ్బా అని దానర్థం. బేరంలో సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

మొదటిసారి నేనూ మీ మామయ్యా ప్యాకేజీలో వెళ్లాం. ఒక్క రోజులో ఏడు చోట్లు తిప్పారు. భక్తపూర్‌కి ముప్పావు గంట ఇచ్చి బస్సు హారన్ కొట్టారు. ఆ బాధ తీరక మళ్లీ వెళ్లి, రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. అందుకే చెప్తున్నా, మీరు అక్కడ ఉండే రాత్రుల్లో ఒక్కటైనా భక్తపూర్‌కి ఇవ్వండి. నగరానికి తూర్పున 13 కిలోమీటర్లే. సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ ఇటుక వీధులు ఊరివాళ్లకి మిగులుతాయి. పొద్దున్నే కుమ్మరుల చౌకుకి వెళ్తే, పచ్చి కుండలు వరసలుగా ఎండకి పెడుతూ ఉంటారు.

ఐదంతస్తుల న్యాతపోల గుడిని భూపతీంద్ర మల్ల 1702లో కట్టించాడు. మెట్ల మీద కింద ఇద్దరు మల్లయోధులు, ఆ పైన ఏనుగులు, సింహాలు, ఇంకా పైన మరో రెండు జతలు. ఒక్కో జతకి కింది జత కంటే పదింతలు బలమట. 2015 భూకంపంలో ఆ ఊళ్లో ఎన్నో కూలిపోయినా ఇది నిలబడింది. ఆ మెట్ల మీదే కూర్చుని జూజూ ధౌ తినండి. గేదె పాలతో మట్టి మూకుడులో తోడుపెట్టిన తియ్యటి పెరుగు. మట్టి నీటిని పీల్చేస్తుంది కాబట్టి చెంచా పెడితే నిలబడేంత గట్టిగా ఉంటుంది.

పశుపతినాథుడి దగ్గరికి తెల్లారకముందే వెళ్లండి. శనివారం వాళ్లకి సెలవు, ఆ రోజు రద్దీ ఎక్కువ. తోలు బెల్టు, పర్సు గదిలోనే వదిలేయండి. నాలుగు వాకిళ్లలోంచి స్వామి నాలుగు ముఖాలూ చూడొచ్చు. పూజ చేసే భట్టులు మన దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే. చీకటి పడ్డాక బాగ్మతి ఒడ్డున హారతికి మళ్లీ రండి. పక్కనే ఘాట్‌లో చితులు కాలుతుంటాయి. అటువైపు ఫోన్ ఎత్తవద్దు తల్లీ, అక్కడ ఎవరో తమవాళ్లని సాగనంపుతుంటారు.

బౌద్ధనాథ్‌కి సాయంత్రం వెళ్లండి. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని, అందరితోపాటు మూడు చుట్లు నెమ్మదిగా నడవండి. స్వయంభూనాథ్‌లో మెట్లు చాలా ఉన్నాయి, కోతులూ ఉన్నాయి, చేతిలో తినేవి పెట్టుకోకండి. ఖాట్మండూ పక్కనే ఉన్న పాటన్ ఊరికి మాత్రం సగం రోజు కావాలి. అక్కడి కృష్ణ మందిరం మొత్తం రాయే. మొదటి అంతస్తు చుట్టూ భారతం, పై అంతస్తులో రామాయణం చిన్న చిన్న బొమ్మలుగా చెక్కారు. లోపలికి వెళ్లలేకపోయినా కింద నిలబడి తల ఎత్తి చూడు. మనకి తెలిసిన కథే కదా, ఒక్కో ఘట్టం గుర్తుపడుతుంటే కాలం తెలియదు.

తిండికి దాల్ భాత్ ఉంది, అడిగితే మళ్లీ వడ్డిస్తారు. మొమోలు కొనేటప్పుడు మాత్రం "వెజ్" అని గట్టిగా చెప్పండి. "బఫ్" అంటే గేదె మాంసం.

నగరంలో దుమ్ము ఎక్కువ, నీకు ఆయాసం ఉంది, మాస్కులు మర్చిపోకు. వచ్చేముందు ఇంద్రచౌక్‌లో పూసల సందుకి వెళ్లు. నచ్చిన రంగు చూపిస్తే నీ ముందే గుచ్చి ఇస్తారు. నాకు పచ్చపూసలది ఒకటి తెచ్చిపెట్టు.

మీ అత్తయ్య