వెండి బిళ్ళలో వెండికి ఎంత, బొమ్మకి ఎంత?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాకు మెడికల్ షాపు ఉంది. చీటీ పాడితే 5 లక్షలు చేతికొచ్చాయి. అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, రెండేళ్లలో బీటెక్ ఫీజులు మొదలవుతాయి. డాలస్‌లో ఉన్న మా బావమరిది నెలనెలా ఔన్సు వెండి రౌండ్లు కొంటుంటాడు. "కాగితం డబ్బు నిలవదు బావా, లోహమే అసలు డబ్బు" అంటాడు. విజయవాడలో ఒక షాపువాళ్లు అలాంటి బిళ్ళలే దేవుడి బొమ్మతో చేయించి, వెయ్యి మాత్రమే చేశామని సర్టిఫికెట్ ఇచ్చి, ఒక్కోటి 8,000కి అమ్ముతున్నారు. జీఎస్‌టీ అదనం. మొత్తం వాటిలో పెట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. వెండి మీద నాకు కోపమేమీ లేదు. మీరు కొనబోయేదాంట్లో వెండికి ఎంత పోతోంది, బొమ్మకి ఎంత పోతోంది అన్నదే నా బాధ.

రౌండ్ అంటే ప్రైవేటు టంకశాల ముద్రించిన బిళ్ళ. చూడ్డానికి నాణెంలా ఉంటుంది కానీ చట్టప్రకారం అది డబ్బు కాదు. అమ్మబోతే దానికి వచ్చేది అందులోని ఔన్సు వెండి, అంటే 31.1 గ్రాముల ధర. లెక్క తేలిగ్గా ఉంటుందని గ్రాము 200 అనుకుందాం. లోపలి వెండి 6,220 రూపాయలు. మీరు ఇచ్చేది 8,000, దానిపై 3 శాతం జీఎస్‌టీ, మొత్తం 8,240. షాపుకి వెళ్లినప్పుడు ఒక్క మాట అడగండి: "ఇదే బిళ్ళ సాయంత్రం వెనక్కి తెస్తే ఎంతిస్తారు?" వెండి ధరలో 5 శాతం తరుగు తీసినా మీ చేతికొచ్చేది 5,909. పొద్దున కొని సాయంత్రం అమ్మితే 2,331 పోయినట్టు. అసలు రాబట్టుకోవాలంటేనే వెండి దాదాపు 40 శాతం పెరగాలి. అప్పటికి లాభం ఇంకా మొదలవదు.

"వెయ్యి మాత్రమే" అన్నదానికి విలువ రావాలంటే, వెయ్యిన్నొకటో మనిషి దానికోసం వెతుక్కుంటూ రావాలి. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి హైదరాబాద్ టంకశాల చేసిన వంద రూపాయల నాణెం మనవైపు చాలామంది కొన్నారు. దాని బరువు 35 గ్రాములు, వెండి అందులో సగమే. అప్పటి ధరకి ఆ వెండి 1,300 చిల్లర. నాణేనికి కట్టింది, పెట్టెను బట్టి, 4,000 పైమాటే. అభిమానంతో కొన్నారు, బాగుంది. ఫీజు కోసం కొనుంటే మాత్రం బాగుండేది కాదు.

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. 1940కి ముందు మన రూపాయిలో దాదాపు 92 శాతం వెండి ఉండేది. యుద్ధకాలంలో సగానికి దించారు, 1947కి నికెల్ రూపాయి వచ్చేసింది. అమెరికావాళ్లూ 1965లో డైమ్, క్వార్టర్ అనే చిల్లర నాణేల్లోంచి వెండి తీసేశారు. నాయనమ్మలు దాచిన జార్జి రూపాయిలకి ఇప్పుడు మంచి ధర పలికేది ఆ వెండి వల్లే. కానీ ఈరోజు వెండిలో సగానికి పైగా సోలార్ ప్యానెళ్లకీ, ఎలక్ట్రానిక్స్‌కీ, ఇతర పరిశ్రమలకీ పోతోంది. ఫ్యాక్టరీలు మందగిస్తే ధరా పడుతుంది. 1980 జనవరిలో ఔన్సు 50 డాలర్ల దాకా ఎగిరి, మార్చి ఆఖరుకి 11 డాలర్ల దగ్గర పడింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ 50 దగ్గరికి వెళ్లి జారింది. మన రూపాయల్లో చూసుకున్నా, అప్పుడు కొన్నవాళ్లకి ఆ ధర మళ్లీ కనపడింది 2020లోనే. ఫీజుకి కాలేజీవాళ్లు తొమ్మిదేళ్లు ఆగరు కదా.

కాబట్టి నాలుగున్నర లక్షలు బ్యాంకు ఎఫ్‌డీల్లో పెట్టండి. ఒకే ఎఫ్‌డీ వద్దు, ఒక్కో ఏడాది ఫీజు కట్టే నెలకి ఒక్కోటి చేతికొచ్చేలా విడగొట్టండి. మిగతా 50 వేలు, వెండి మీద అంత నమ్మకం ఉంటే, నెలకి 5 వేల చొప్పున సిల్వర్ ఈటీఎఫ్‌లో, అంటే మన తరఫున వెండి కొని పెట్టే, షేర్లలా కొని అమ్ముకునే ఫండులో వేయండి. డీమ్యాట్ ఖాతా కావాలి. యూనిట్ల మీద జీఎస్‌టీ ఉండదు, స్వచ్ఛత గురించి, లాకర్ గురించి టెన్షన్ ఉండదు. ఏడాది దాటి అమ్మితే లాభంపై పన్ను 12.5 శాతం. చేతిలోని వెండికీ అదే రేటు, కానీ దానికి రెండేళ్లు ఆగాలి. ఒక్క జాగ్రత్త: 2025 అక్టోబరులో వెండికి ఎగబడినప్పుడు ఈటీఎఫ్‌లు కూడా లోపలి వెండి విలువకంటే బాగా ఎక్కువకి అమ్ముడయ్యాయి. కొనేముందు యాప్‌లో ఐఎన్‌ఏవీ, అంటే ఒక్కో యూనిట్ లోపలి వెండికి అప్పటికి ఉన్న విలువ, చూడండి. మార్కెట్ ధర దానికి బాగా పైన ఉంటే ఆ నెల మానేయండి.

ఆ దేవుడి బిళ్ళ మీకు నిజంగా నచ్చితే ఒకటి కొని పూజగదిలో పెట్టుకోండి, జీఎస్‌టీ బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. బావమరిదిని "వచ్చేటప్పుడు ఓ పది రౌండ్లు తెచ్చిపెట్టు" అనేముందు ఒక సంగతి: నగ కాని వెండి ఏ రూపంలో తెచ్చినా డ్యూటీ ఫ్రీ లెక్కలోకి రాదు. ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేసి సుంకం కట్టాల్సిందే. ఆ సుంకం కూడా ఔన్సు ధరకి కలిపి చూసుకోండి.