త్యాగం అనే మాట ఎవరు అనాలి?

ప్రశ్న: మా తాతగారి ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. లక్షల మందికి వెలుగు, నీరు రావాలంటే కొన్ని ఊళ్లు మునగక తప్పదని మావారు అంటారు. ఆ లెక్కలో తప్పేమిటో చెప్పలేకపోతున్నాను. అలాగని ఒప్పుకోనూ లేకపోతున్నాను. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ప్రాజెక్టులే వద్దనే వాదన నాది కాదు. కరువు చూసిన సీమవాసులకు నీటి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ మీవారి లెక్క ఒక్క మనిషి విషయంలోనే సరిపోతుంది. రైతు ఈ ఏడు పొలాన్ని బీడు పెట్టి వచ్చే ఏడు ఎక్కువ పండించుకుంటే, నష్టమూ లాభమూ రెండూ అతనివే. ఊరు పోయింది ఒకరికి, దీపం వెలిగింది ఇంకొకరి ఇంట్లో అయినప్పుడు, రెండింటినీ కూడి మిగులు చూపించడం వల్ల పోగొట్టుకున్నవారికి ఒరిగేదేమీ ఉండదు.

ఇక్కడే ‘నిర్వాసితుల త్యాగం’ అనే మాట నన్ను ఇబ్బంది పెడుతుంది. త్యాగం తనది తాను, తనంతట తాను వదులుకునేది. 1981లో ఇళ్లు ఖాళీ చేయించినప్పుడు కాదనే వీలు మీ తాతగారి వంటి వారికి లేదు. బలవంతంగా తీసుకున్నదాన్ని త్యాగమని పొగిడితే, తీసుకున్నవారి మీద ఉన్న బాకీ మాటల్లోనే చెల్లిపోయినట్టవుతుంది.

ఆ జలాశయం కోసమే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, అలంపురం తెచ్చి తిరిగి నిలబెట్టారు. మంచి పనే. గుడికి చూపిన ఆ ఓపిక మనుషుల విషయంలో కనిపించలేదు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98వ నంబరు జీవో 1986లో, అంటే ఊళ్లు ఖాళీ అయిన అయిదేళ్లకు వచ్చింది. దాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవారు ఉన్నారు.

కాబట్టి మీవారిని అడగవలసింది ఎంతమందికి మేలు జరిగిందని కాదు, ఆ మేలులో మునిగినవారికి ఎంత వాటా దక్కిందని. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో వచ్చిన 2013 చట్టం ఈ ప్రశ్నను కొంతవరకు పట్టించుకుంది. నీటిపారుదల ప్రాజెక్టుల్లో ముంపుకు కనీసం 6 నెలల ముందే పునరావాసం పూర్తి కావాలనీ, సాగుభూమి కోల్పోయిన కుటుంబానికి పరిహారానికి బదులుగా ఆయకట్టులోనే కనీసం ఒక ఎకరం ఇవ్వాలనీ అందులో ఉంది. నా దృష్టిలో ఈ రెండోదే అసలైన మార్పు, ఎందుకంటే నష్టపోయినవాడు కూడా ఆ కాలువ నీళ్లకు హక్కుదారు అవుతాడు. ఒక ఎకరం చాలా తక్కువ. ‘వీలైనంత మేరకు’ అన్న మాట చేర్చి దాన్నీ సడలించారు. మీ తాతగారు ఇల్లు విడిచిన నాటికి ఆ మాత్రం వాగ్దానం కూడా చట్టంలో లేదు.